గ్యారేజీలో ఆక్సిజన్ నింపుకోవచ్చా?

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం కలిసి సెస్నా 182 అనే చిన్న విమానం కొనుక్కున్నాం. రాకీ పర్వతాలు దాటేటప్పుడు 13,000 అడుగుల పైకి వెళ్తుంటాం. మా చిన్న ఆక్సిజన్ సిలిండర్‌ను వెల్డింగ్ దుకాణం నుంచి తెచ్చిన పెద్ద సిలిండర్‌తో గ్యారేజీలో మేమే నింపుకోవచ్చా?
- ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: వెల్డింగ్ సిలిండర్ మాత్రం వద్దు బాబూ. అది అంతకుముందు ఎవరి చేతిలో ఉందో, లోపలికి ఏం చేరిందో మీకు తెలియదు. విమానాల ఆక్సిజన్‌లో తేమను ప్రత్యేకంగా పరీక్షిస్తారు. నీటి ఆవిరి ఉంటే పైన చలికి, ఒత్తిడిని తగ్గించే పరికరమైన రెగ్యులేటర్‌లో గడ్డకట్టి గాలి ఆగిపోతుంది. అమెరికా నిబంధన ప్రకారం 12,500 అడుగులు దాటి అరగంటకు మించి ఎగిరితే పైలట్ ఆక్సిజన్ తీసుకోవాల్సిందే. 14,000 దాటాక దాన్ని క్షణం కూడా తీయకూడదు.

ఇక నింపడం. నా ఉద్యోగం మొదటి రోజుల్లో ఒక సహోద్యోగి ఆక్సిజన్ నింపబోతూ బిగుసుకున్న నట్టుకు ఒకే ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ వేశాడు. వాల్వు గబుక్కున తిప్పాడు. ఢామ్మని చప్పుడు. రెగ్యులేటర్‌లోని నైలాన్ సీటు (వాల్వు ఆనుకుని మూసుకునే బిళ్ల) కాలి మసైపోయింది. గేజీ అద్దం ముక్కలు నా చొక్కా జేబులో దొరికాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే అదృష్టం.

నిప్పురవ్వ లేకుండానే అలా ఎందుకు అంటుకుందంటే, 2,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి గల వాయువు ఖాళీ గొట్టంలోకి ఒక్కసారిగా దూకితే, ముందున్న కాస్త వాయువు నలిగి వేడెక్కుతుంది. వేడి పోయే దారి లేకపోతే అది లెక్కప్రకారం 900 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అక్కడ నూనె ఉంటే చాలు, భగ్గుమంటుంది. అందుకే వాల్వును వెంట్రుకవాసి తిప్పి, ముల్లు కదిలే తీరు చూస్తూ ఆగండి. సిలిండర్ మీద చేయి వేస్తే గోరువెచ్చగా ఉండాలి. అంతకంటే వేడెక్కితే ఆపండి. నిండాక చల్లారితే గేజీ కొంత దిగుతుంది, అది లీకు కాదు.

సిలిండర్ మెడ కింది వంపు (భుజం) మీద చెక్కిన ఒత్తిడిని మించకండి. అక్కడే ఉన్న పరీక్ష తేదీ కూడా చూడండి, చాలా సిలిండర్లకు గడువు 5 ఏళ్లు. పూర్తిగా ఖాళీ చేయకండి, తేమ చేరుతుంది.

మొదటిసారి మాత్రం ఈ పని తెలిసిన మెకానిక్ పక్కన నిలబడి నేర్చుకోండి. ముక్కు గొట్టం పెట్టుకునే ముందు పెదవులకు రాసుకున్న వ్యాజలిన్ తుడిచేయండి, అదీ పెట్రోలియమే.