అపొలీన్ అని పేరు పెట్టబోతున్న మా మేనకోడలికి

ఏమ్మా తల్లీ,

పాప పుడితే అపొలీన్ అని పెడతారటగా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పడం కాదు, ఏడ్చినంత పని చేసింది. "మందుల షాపు పేరేంటి వదినా" అని ఒకటే గోల. అపోలో అంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఆసుపత్రే, ఆవిడనేం అనలేం. నాకు మాత్రం ముచ్చటేసింది. ఆ వెనకే టెన్షనూ పట్టుకుంది, అందుకే రాస్తున్నా.

పేరుకి వంక పెట్టడానికి లేదు. గ్రీకుల అపోలో దేవుడి పేరులోంచి వచ్చిందే, కానీ మనముండే ఈ ఫ్రాన్సులో అది నిలబడింది అపొలోనియా అనే ఒక సెయింట్ వల్ల. 249 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో క్రైస్తవుల మీద పడ్డ మూక ఆవిడ పళ్లు రాలగొట్టి, మతం వదలకపోతే కాల్చేస్తామంటే తనే మంటల్లోకి దూకిందట. అందుకే పంటినొప్పికి ఆవిడకే మొక్కుతారు, ఫిబ్రవరి 9 ఆవిడ పండగ. నేను పనిచేసిన పళ్ల డాక్టరు గారి వెయిటింగ్ రూములో ఆవిడ బొమ్మ ఉండేది, చేతిలో పటకారు, దాని కొసన దవడపన్ను. ఏళ్ల తరబడి దాని దుమ్ము తుడిచాను గానీ, ఆ పేరున్న చిన్నపిల్ల ఒక్కతి కూడా ఆ గుమ్మం తొక్కలేదు. ఆ పేరు 1990ల నుంచే మళ్లీ లేచింది, అదీ ఎక్కువగా కాస్త కలిగిన, చర్చికి వెళ్లే కుటుంబాల్లో. ఇప్పుడు మరీ వింత కాదు, అలాగని ఎమ్మా, లూయిజ్‌లాగా క్లాసంతా వినిపించే పేరూ కాదు. "గొప్పింటి పేరు" అని ఎవరైనా మూతి విరిస్తే విరవనీ.

మీరు అదృష్టవంతులు. ఇదివరకు 1803 నాటి చట్టం ప్రకారం క్యాలెండర్లో ఉన్న పేర్లూ పాత చరిత్రలోని పేర్లే పెట్టాల్సొచ్చేది. మీ ఆయన వైపు బ్రెటన్లే (ఫ్రాన్సు పడమటి కొస బ్రిటనీ వాళ్లు) కదా, అడుగు, బ్రెటన్ పేర్లు పెట్టిన పాపానికి కొందరు పిల్లలకి ఏళ్ల తరబడి పుట్టినట్టు కాగితమే లేదు. 1993 నుంచే తల్లిదండ్రుల ఇష్టం. మరీ అన్యాయమైన పేరైతే తప్ప ఎవరూ అడ్డుపడరు.

ఇక నా భయం. మీ మావయ్య తమ్ముడికి కూతురు పుట్టినప్పుడు ఇక్కడ మూడు రోజుల్లో నమోదు చేయించాల్సొచ్చేది (2016 చివర నుంచి అయిదయ్యాయి, పుట్టిన రోజు లెక్కలోకి రాదు). మనకేమో బారసాల ఇరవై ఒకటో రోజు. ఊళ్లో పెద్దాయన నక్షత్రం చూసి అక్షరం చెప్పేదాకా పేరు పెట్టేది లేదని ఆ తమ్ముడు భీష్మించాడు. ట్రంకాల్ దొరికేసరికి ఆఖరి రోజైంది. పరుగున టౌన్‌హాలుకెళ్లి, మనకి అలవాటైనట్టు ఇంటిపేరు ముందు పెట్టి గొల్లపల్లి సుజాత అని చీటీ మీద రాసిచ్చాడు. ఆయన పాస్‌పోర్టులో పేరంతా ఒకే వరసలో ఉండేది, అక్కడి గుమస్తాకి ఏది ఏదో ఏం తెలుస్తుంది? పిల్ల పేరు గొల్లపల్లి, ఇంటిపేరు సుజాత అయి కూర్చుంది. చదవకుండా సంతకం పెట్టేసి వచ్చాడు మహానుభావుడు. తర్వాత పుట్టిన తమ్ముడి కాగితాలు సరిగ్గా వచ్చాయి, దాంతో ఒకే ఇంట్లో అక్కకో ఇంటిపేరు, తమ్ముడికో ఇంటిపేరు. స్కూల్లో టీచరు "గొల్లపల్లీ" అని పిలిస్తే పిల్ల బిక్కమొహం వేసుకుని లేచి నిలబడేది. ప్రయాణాల్లో "ఈ పాప మీకేమవుతుంది" అని తండ్రినే అడిగేవాళ్లు. లాయరూ కోర్టూ అంటూ అది సరయ్యేసరికి పిల్ల కాలేజీకొచ్చింది.

కాబట్టి నక్షత్రం గిక్షత్రం అని మీ అమ్మ ఆపితే ఆగకు. బారసాల తర్వాత తీరిగ్గా చేసుకుందాం, బియ్యంలో ఏ పేరు రాసుకున్నా ఎవరూ కాదనరు. నువ్వు ఆసుపత్రి మంచం మీద ఉంటావు, వెళ్లేది మీ ఆయనే, పెద్దక్షరాల్లో రాసిచ్చి పంపు. ఇంటిపేరు నీదా, అతనిదా, రెండూనా అన్నది ముందే తేల్చుకోండి, దానికి వేరే ఫారం ఉంటుంది, ఇద్దరూ సంతకం చేయాలి. రెండో పేరుగా మా అమ్మ పేరు పెడతావేమోనని ఆశ, బలవంతం లేదు. పెడితే మాత్రం మధ్యలో కామా ఉండాలి, హైఫన్ పెట్టారో రెండూ కలిసి ఒకే పేరైపోతుంది. రిజిస్టరులో ఉన్న పేర్లలో ఏదైనా వాడుక పేరుగా పెట్టుకోవచ్చు, రేపు దానికి అపొలీన్ నచ్చకపోతే మా అమ్మ పేరుంటుంది.

మీ అమ్మ సంగతి నాకొదిలెయ్, పంటి దేవత కథ చెప్పి దారికి తెస్తా. అన్నట్టు నీ చిగుళ్లలో రక్తం వస్తోందన్నావు, కడుపుతో ఉన్నప్పుడు మామూలే అని ఊరుకోకు, ఈ వారమే డాక్టరుకి చూపించుకో.

అత్త