తక్కువ కొటేషనే చౌకైనదా? అపార్ట్‌మెంట్ పంపులపై ఒక కోశాధికారి సందేహం

ప్రశ్న: హైదరాబాద్‌లో 80 ఫ్లాట్ల మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కోశాధికారిని. సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్లు ఎక్కించే రెండు పంపులనూ మార్చాల్సి వచ్చింది. ఒక కొటేషన్ రూ.78,000, మరొకటి రూ.1,22,000. ‘ప్రభుత్వ టెండర్లలో కూడా ఎల్1కే, అంటే అందరికంటే తక్కువ ధర అడిగినవారికే ఇస్తారు, కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) నుంచి అదనంగా 44 వేలు ఎందుకు తీయాలి?’ అని సభ్యులు అడుగుతున్నారు. రోజుకు దాదాపు 60 వేల లీటర్లు వాడతాం. కరెంటు యూనిట్‌కు 8 రూపాయలు పడుతోంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీరు జతచేసిన పత్రాలను బట్టి చూస్తే రూ.1,22,000 కొటేషన్ వైపే నేను మొగ్గుతాను, అయితే దానికి ఒక షరతు ఉంది. సభ్యులు పోలుస్తున్నది కొనే రోజున ఇచ్చే చెక్కును మాత్రమే. పంపు విషయంలో పోల్చాల్సింది కొన్న నాటి నుంచి పాత ఇనుముకు అమ్మేసే నాటి వరకు దానిపై పెట్టే మొత్తం, అంటే ధర, కరెంటు, రీవైండింగ్ (కాలిన మోటారుకు రాగి తీగ మళ్లీ చుట్టించడం), బేరింగులు, సీళ్లు అన్నీ కలిపి, చివర చేతికొచ్చే రాగి విలువను తీసేసిన లెక్క. దీన్నే మొత్తం జీవితకాల వ్యయం అంటారు.

ఈ లెక్కలో పెద్ద పద్దు కరెంటు. వెయ్యి లీటర్ల నీటిని ఒక మీటరు పైకి ఎత్తడానికి ఏ కంపెనీ పంపుకైనా కనీసం 2.725 వాట్-అవర్ల శక్తి కావాలి. పైపుల్లో రాపిడిని కూడా కలిపి మీ హెడ్ (పంపు నీటిని ఎత్తాల్సిన మొత్తం ఎత్తు) 40 మీటర్లు అని రాశారు కనుక, రోజూ 60 వేల లీటర్లకు అవసరమైన అసలు శక్తి సుమారు 6.54 యూనిట్లు. పంపూ మోటారూ కలిసి మీటరు నుంచి లాగేది మాత్రం ఇంతకంటే చాలా ఎక్కువ. ఆ హెడ్ దగ్గర తక్కువ ధర సెట్టు సామర్థ్యం (లాగిన కరెంటులో నీటిని ఎత్తడానికి పనికొచ్చే భాగం) పత్రాల ప్రకారం 40 శాతం, రెండోదానిది 55 శాతం. కాబట్టి మొదటిది రోజుకు 16.35 యూనిట్లు తీసుకుంటే రెండోది 11.89 యూనిట్లతో సరిపెడుతుంది. ఏడాదికి తేడా 1,600 యూనిట్ల పైచిలుకు, రూపాయల్లో దాదాపు 13,000.

ఇక్కడ చాలామంది 13 వేలను పదితో హెచ్చవేసి లక్షా ముప్పై వేలు మిగులుతాయని సభలో ప్రకటిస్తారు. పదేళ్ల తర్వాత మిగిలే రూపాయి నేటి రూపాయితో సమానం కాదు కనుక అది సరైన లెక్క కాదు. మీ కార్పస్ ఫండ్ 7 శాతం వడ్డీకి డిపాజిట్‌లో ఉందన్నారు కాబట్టి ఆ రేటుతోనే భవిష్యత్ ఖర్చులను నేటి విలువకు తగ్గించాలి. అలా చేస్తే పదేళ్లకు మొదటి సెట్టు మొత్తం భారం రూ.4.13 లక్షలు, రెండోది రూ.3.66 లక్షలు అవుతాయి. రిపేర్లు రెండింటికీ సమానమనుకుని పక్కన పెట్టాను. అదనపు 44 వేలు వడ్డీతో సహా తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. కరెంటు ధర పెరిగితే ఆ గడువు ఇంకా తగ్గుతుంది.

నా షరతు ఇది: 55 శాతం అన్నది కాగితం మీది అంకె. వాస్తవంలో అది 48 శాతమే అయితే ఏటా మిగిలేది 8 వేల లోపే, 44 వేలు వడ్డీతో సహా వెనక్కి రావడానికి ఏడేళ్లు దాటుతుంది. అందువల్ల పంపుల కరెంటును మాత్రమే విడిగా కొలిచే ఒక సబ్‌మీటరు బిగించి, వర్క్ ఆర్డరులోనే పరీక్ష నిబంధన రాయండి. గంటలో 12 వేల లీటర్లు ట్యాంకుకు ఎక్కితే మీటరు 2.4 యూనిట్ల దరిదాపుల్లో తిరగాలి, అంతకంటే బాగా ఎక్కువ తిరిగితే చివరి చెల్లింపులో కొంత భాగం ఆపే హక్కు సంఘానికి ఉండాలి. మాట రాసివ్వడానికి ఒప్పుకోని సరఫరాదారుకు నేనైతే అదనపు ధర ఇవ్వను.

పంపు చెడిపోతే ట్యాంకర్లకయ్యే ఖర్చును కూడా మీ పట్టికలో చూశాను. దాన్ని తీసేయండి, ట్యాంకరు నీళ్లు పడేది కూడా సంపులోనే కదా, పైకెక్కించడానికి మళ్లీ పంపు కావాల్సిందే. మిమ్మల్ని ఆదుకునేది రెండో పంపే కనుక, రెండింటికీ సరిపోయే విడిభాగాలు నగరంలో దొరుకుతాయో లేదో కనుక్కోవడం మేలు.

ఎల్1 వాదన విషయానికొస్తే, ప్రభుత్వ రంగం కూడా ప్రతిచోటా వస్తువు ధరనే చూడదు. 2022లో కన్వర్జెన్స్ ఎనర్జీ సర్వీసెస్ లిమిటెడ్ హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల కోసం 5,450 ఎలక్ట్రిక్ బస్సులకు టెండరు పిలిచినప్పుడు పోల్చింది బస్సు ధరను కాదు, దాన్ని నడపడానికి కిలోమీటరుకు అడిగిన మొత్తాన్ని. 12 మీటర్ల బస్సుకు అతి తక్కువగా రూ.43.49 వచ్చింది. అక్కడా ఎల్1 ఉంది, కానీ కొలిచిన వస్తువు వేరు.

అలాగని ప్రతి కొనుగోలులోనూ ఖరీదైనదే గెలుస్తుందనుకోకండి. మీ ఫైర్ పంపు వారానికి కొద్ది నిమిషాలు పరీక్ష కోసం తప్ప తిరగదు కనుక, దానికి కరెంటు ఆదా పేరుతో ఎక్కువ పెట్టడం వృథా, అవసరమైన క్షణంలో స్టార్ట్ అవుతుందన్న భరోసాకే డబ్బు పెట్టాలి.

సభ్యుల అభ్యంతరం వెనుక మరో న్యాయమైన కారణం ఉందని నాకనిపిస్తోంది. కార్పస్ సొమ్ము యజమానులది, కరెంటు ఆదా అయ్యేది నెలవారీ మెయింటెనెన్స్‌లో, దాన్ని చాలా ఫ్లాట్లలో కడుతున్నది అద్దెదారులు. రెండు మూడేళ్లలో ఫ్లాటు అమ్మేయాలనుకునే యజమానికి ఈ లెక్క రుచించదు. అందుకని మెయింటెనెన్స్ ఖాతా నుంచి నెలకు వెయ్యి రూపాయల చొప్పున 44 నెలలు కార్పస్‌కు తిరిగి జమ చేసేలా తీర్మానం పెట్టండి. నెలకు మిగిలేది 1,080 రూపాయల వరకు ఉంటుంది కనుక మెయింటెనెన్స్ పెంచాల్సిన పని లేదు. వడ్డీ కూడా కలపాలని యజమానులు పట్టుబడితే మరో ఏడు నెలలు పొడిగించవచ్చు. పాత పంపుల మీద సబ్‌మీటరును ఈ వారమే పెట్టించండి, అవి ఎంత తాగుతున్నాయో సభకు ముందే తెలుస్తుంది.