రహస్యం బయటపడిన తర్వాతి సీను

ప్రియమైన తమ్ముడికి,

డేనిష్ సినిమాలు చూడటం మొదలుపెట్టానని, ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదని, వీళ్ల స్టైల్ ఏమిటో అంతుపట్టడం లేదని రాశావు. నిజమే. ఒకటి చేతికెమెరాతో ఊగిపోతూ ఉంటుంది, ఒకటి ఆఫీసు దాటి బయటికి రాదు, ఇంకొకటి రైలు ప్రమాదంతో మొదలై నవ్విస్తుంది. కెమెరా సంగతి కాసేపు పక్కన పెట్టి కథ చూడు. రహస్యం బయటపడ్డాక మనుషులు ఏం చేస్తారన్న దాని మీద వాళ్లు పెట్టే శ్రద్ధ చూడు. రచయితగా నన్ను కట్టిపడేసేది అదే.

థామస్ వింటర్‌బెర్గ్ 1998లో తీసిన 'ఫెస్టెన్' తీసుకో. తండ్రి అరవయ్యో పుట్టినరోజు, బంధువులంతా విందుకు కూర్చున్నారు. పెద్దకొడుకు క్రిస్టియన్ లేచి రెండు కాగితాలు చూపిస్తాడు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు. ఏది చదవాలో నువ్వే చెప్పమంటాడు. తండ్రి ఆకుపచ్చది కోరుకుంటాడు. చిన్నతనంలో తన మీద, ఈమధ్యే ఆత్మహత్య చేసుకున్న కవల చెల్లెలి మీద ఆ తండ్రి చేసిన అత్యాచారాల గురించి, శుభాకాంక్షలు చెప్పినంత మామూలుగా క్రిస్టియన్ చెప్పేస్తాడు. ఎవరూ కుర్చీలు విసిరేయరు. కాసేపు ఎవరికీ ఏం చెయ్యాలో తోచదు. తర్వాత విందు సాగిపోతుంది. తాతగారు లేచి తన కథేదో ఎత్తుకుంటాడు. వెళ్లిపోబోతున్న క్రిస్టియన్‌ను వంటగదిలో ఉన్న చిన్ననాటి నేస్తం రెచ్చగొట్టి ఆపుతాడు. అతిథులు మధ్యలో జారుకోకుండా పనివాళ్లు వాళ్ల కారు తాళాలు దాచేస్తారు. ఆ తాళాల సంగతి రాసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. జనాన్ని సీనులోంచి బయటికి పోనివ్వకపోతే సగం నాటకం దానంతటదే పుడుతుంది.

నీ స్క్రిప్టులో అన్న పెళ్లి విందులో నాన్న గుట్టు బయటపెట్టగానే ఇంటర్వెల్ వేశావు. ఆ తర్వాత మూడు నెలలు గడిచాయన్నావు. మరి ఆ రాత్రి ఏమైంది? వడ్డించేవాళ్లు ఆగారా? మేనత్త ఎవరి పక్కకు చేరింది? మగపెళ్లివారికి ఎవరు సర్దిచెప్పారు? నేను చదవాలనుకున్నది అదంతా.

'ఫెస్టెన్' డోగ్మా 95 ఉద్యమంలో మొదటి సినిమా. డేనిష్ దర్శకుడు లార్స్ వాన్ ట్రయర్ 1995లో పారిస్‌లో ప్రకటించిన ఆ పది నియమాల గురించి వినే ఉంటావు: నిజమైన లొకేషన్, చేత్తో పట్టుకున్న కెమెరా, విడిగా లైట్లు లేకపోవడం, దర్శకుడి పేరు వేయకపోవడం. మన కుర్రాళ్లు అందులోంచి ఊగే కెమెరా ఒక్కటే తీసుకున్నారని నాకు బాధ. రచయితకు పనికొచ్చే నియమం వేరే ఉంది. సీను తీసే చోట వినిపించే సంగీతం తప్ప ఇంకే సంగీతమూ కూడదన్నది. వెనక వయొలిన్ ఉండదు కాబట్టి ఏడుపు మాటలోంచో మౌనంలోంచో రావాలి. ఆ బరువంతా రాసేవాడి మీదే పడుతుంది. 2025లో కాన్ చిత్రోత్సవంలో కొత్త తరం దర్శకులు డోగ్మా 25 అని మళ్లీ పది నియమాలు ప్రకటించారు. అందులో స్క్రిప్టు చేత్తో రాయాలన్నది ఒకటి. నీకూ అదే చెప్తాను.

'ది హంట్' ఇంకో దారి. 2012లో వింటర్‌బెర్గే, టోబియాస్ లిండ్‌హోమ్‌తో కలిసి రాశాడు. కిండర్‌గార్టెన్‌లో పనిచేసే లూకాస్ మీద, అతని ప్రాణస్నేహితుడి కూతురు క్లారా చిన్నబుచ్చుకుని ఓ అబద్ధం చెబుతుంది. అది అబద్ధమని మనకు మొదటే తెలుసు. సస్పెన్స్ ఏమీ దాచలేదు. అయినా టెన్షన్‌తో కుర్చీ అంచుకు వస్తాం. పిల్లను ప్రశ్నలడిగే సీను జాగ్రత్తగా చూడు. అడిగే పెద్దమనిషి మెత్తగా, ప్రేమగానే అడుగుతాడు. కానీ జవాబు ప్రశ్నలోనే ఉంటుంది, పిల్ల తల ఊపుతుంది. తర్వాత, నేనేదో పిచ్చిమాట అన్నానని క్లారా తల్లితో చెప్పుకుంటే, భయపడి మర్చిపోతున్నావమ్మా అని తల్లి సముదాయిస్తుంది. ఊళ్లో ఒక్క దుర్మార్గుడూ లేడు. అందరూ పిల్ల మంచి కోసమే చేస్తారు, ఒక మనిషి బతుకు నాశనమవుతుంది. విలన్ లేకుండా ఇంత భయపెట్టడం ఎంత కష్టమో రాయడానికి కూర్చుంటే తెలుస్తుంది.

గుస్తావ్ మోలర్ 'ది గిల్టీ', 2018, దీనికి తలకిందులు. ఎమర్జెన్సీ కాల్ సెంటర్లో పోలీసు, చెవికి హెడ్‌సెట్, అవతల పసిపిల్లతో మాట్లాడుతున్నట్టు మాట్లాడే ఒక స్త్రీ. ఆమెకు తెలిసింది అతనికి తెలీదు, అతను ఊహించుకున్నదే మనమూ నమ్ముతాం. దీని గురించి ఇంతకంటే చెప్పను, చెడగొట్టినట్టవుతుంది. 'అనదర్ రౌండ్'కు ఆస్కార్ వచ్చింది కాబట్టి ఎలాగూ చూస్తావు. తాగుడు మంచిదనీ చెడ్డదనీ తీర్పు చెప్పకుండా ఎలా నడిపారో గమనించు, చాలు.

చివరగా అండర్స్ థామస్ యెన్సన్. సుసానే బియర్ తీసిన బరువైన కుటుంబ కథలు రాసిందీ ఆయనే, 'రైడర్స్ ఆఫ్ జస్టిస్' లాంటి నల్లటి హాస్యం తీసిందీ ఆయనే. ఇందులో రైల్లో ఒకాయన తన సీటు ఒక స్త్రీకి ఇస్తాడు, ప్రమాదంలో ఆమె చనిపోతుంది. అది ప్రమాదం కాదని నిరూపించే లెక్కలు పట్టుకుని ఆయన ఆమె భర్త ఇంటికి వెళతాడు. ఆ లెక్కలు నవ్వు తెప్పిస్తాయి, ఆయన గిల్టు గుండె పిండుతుంది. రెండూ ఒకే సీనులో ఉంటాయి. నీ రాతలో బాబాయి పాత్రకు ఆ గుణం ఉంది. సీరియస్ కథ కదా అని అతని మాటలు కొట్టేశావు. కొట్టేసిన గీతల కిందే చదివాను, అవి మళ్లీ పెట్టు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య