కౌన్సిల్ మీటింగ్‌లో ఎవరు అరిచారో కాదు, అజెండాలో ఏముందో చూడండి

మీ వార్డు కౌన్సిలర్ మున్సిపల్ కౌన్సిల్ మీటింగ్ జీరో అవర్‌లో (అజెండాలో లేని విషయాలు లేవనెత్తే టైం) డ్రైనేజీ గురించి గట్టిగా మాట్లాడారు, ఆ వీడియో చూశా, నెలలు గడిచినా ఒక్క గంప పూడిక కూడా తియ్యలేదు, అసలు ఈ మీటింగులు దండగే కదా అని మీరు అడిగారు. దండగ కాదండీ, కాకపోతే మీరు చూసిన వీడియోలో ఉన్నది అసలు పని జరిగే టైం కాదు. నేను తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీలో కొన్నేళ్లు పేపర్ కంట్రిబ్యూటర్‌గా చేశా, వెనక ప్రెస్ కుర్చీల్లో కూర్చుని ఈ మీటింగులు చాలా చూశా.

జీరో అవర్‌లో ఎవరేం మాట్లాడినా చైర్‌పర్సన్ పరిశీలిస్తాం అంటారు, కమిషనర్ తలూపుతారు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) డైరీలో ఏదో గీసుకుంటాడు, అక్కడితో సరి. పైసా కదలాలంటే ఆ పని అజెండాలో ఒక ఐటమ్‌గా రావాలి, దానికి ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) ఉండాలి, జనరల్ ఫండ్స్ (మున్సిపాలిటీ సొంత ఆదాయం) నుంచా, ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్రం ఇచ్చే నిధుల నుంచా అని పక్కన రాసుండాలి. అది లేకుండా ఎంత గొంతు చించుకున్నా మర్నాడు పేపర్లో ఫోటోకే పనికొస్తుంది.

ఒక మీటింగ్ నాకు బాగా గుర్తు. శిలాఫలకం మీద ఒకాయన పేరు చిన్న అక్షరాల్లో వేశారని మొదలైంది, ప్రోటోకాల్ పాటించలేదని ఒకవైపు, మీ హయాంలో మీరు పాటించారా అని ఇంకోవైపు, అజెండా కాగితాలు చింపి పోడియం మీదకి విసరడం, కింద బైఠాయించడం, మధ్యాహ్నం దాకా అదే. ఇక భోజనాల టైం అయ్యేసరికి అందరూ చల్లబడ్డారు, క్లర్క్ లేచి గబగబా చదవడం మొదలెట్టాడు, ఒకటో అంశం, ఆమోదం, రెండో అంశం, ఆమోదం, సగంలోనే ఎవరో అన్నీ పాస్ అనుకోండి అన్నారు. అందులో ఒకటి ఎండాకాలం ట్యాంకర్లతో నీళ్లు తోలిన బిల్లులకి ర్యాటిఫికేషన్, అంటే పని అయిపోయింది, ఇప్పుడు కౌన్సిల్ ముద్ర వెయ్యాలి. అప్పుడు ఒక కౌన్సిలరమ్మ లేచి, మా వార్డుకి ట్యాంకరే రాలేదు, బిల్లులో మా వార్డు పేరెందుకుంది, ట్యాంకర్ ఎక్కడికి ఎన్నిసార్లు వెళ్లిందో రాసే ట్రిప్ షీట్ చూపించండి అంది. డీఈ (ఏఈ పై ఇంజనీర్) దగ్గర షీట్ లేదు, ఐటమ్ వాయిదా పడింది. నా దృష్టిలో ఆ రోజు జరిగిన అసలు చర్చ అదొక్కటే. (ఆమె భర్త బయట వరండాలో ఉండి, కూర్చో కూర్చో అని ఫోన్ చేస్తున్నాడు, అది వేరే కథ.) నేను పంపిన వార్తలో ట్యాంకర్ సంగతి డెస్క్‌లో ఎగిరిపోయింది, కాగితాలు చింపిన ఫోటో మాత్రం నాలుగు కాలమ్‌ల వెడల్పున వచ్చింది.

ఇంకో సంగతి, పింఛన్లు, రేషన్ కార్డులు, ఇళ్ల గురించి కౌన్సిల్‌లో గంటలు గంటలు గొడవ పడతారు కానీ వాటి మంజూరు వీళ్ల చేతిలో లేదు, మహా అయితే తీర్మానం చేసి పైకి పంపుతారు. 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు పెట్టారు, నీళ్లు, పారిశుధ్యం, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు, మురికివాడల బాగు ఇట్లాంటివి. కౌన్సిలర్‌ని గట్టిగా పట్టుకోవాల్సింది వీటి మీద. అక్కడా డబ్బు ఇష్టం వచ్చినట్టు వాడలేరు, 15వ ఆర్థిక సంఘం 2021-26కి సిఫార్సు చేసిన గ్రాంట్లలో మనలాంటి చిన్న పట్టణాలకి 60 శాతం తాగునీరు, పారిశుధ్యం పనులకే కట్టేసింది. మన 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్‌కి, అంటే మొక్కలు, పచ్చదనానికి పోతుంది. జీతాలు, కరెంటు బిల్లులు కట్టాక మిగిలినదాంట్లో మీ డ్రైనేజీ మిగతా వార్డులతో పోటీ పడాలి.

అందుకని కౌన్సిలర్‌ని మీటింగ్‌లో మాట్లాడమని అడక్కండి, ఐటమ్ పెట్టించమని అడగండి. అజెండా తయారయ్యేలోపే కాలనీవాళ్ల సంతకాలతో కమిషనర్ పేరు మీద అర్జీ ఇచ్చి ఇన్‌వార్డ్ నంబర్ (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబర్) తీసుకోండి, ఏఈని ఒకసారి స్పాట్‌కి తీసుకొచ్చి ఎస్టిమేట్ వేయించండి, ఎస్టిమేట్ లేని పని గురించి అక్కడ ఎవరూ పట్టించుకోరు. మీటింగ్ అయ్యాక మినిట్స్, అంటే ఏం తేల్చారో రాసిన రికార్డు చూడండి. ఆమోదం అనుందా వాయిదా అనుందా, ఏ నిధులు అని రాశారా, ఇవే ముఖ్యం. మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయో లేదో ఆఫీసువాళ్లే చెప్పాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4లోనే ఉంది, ఇవ్వకపోతే అప్లికేషన్ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాపీలో మీ పని కనపడకపోతే తర్వాతి నెల అజెండాకి మళ్లీ అదే అర్జీ, పాత ఇన్‌వార్డ్ నంబర్ కూడా రాసి ఇవ్వండి.