పొట్టు రాలే ఇయర్ ప్యాడ్లు: అతికించకండి, మార్చండి

హెడ్‌ఫోన్ ప్యాడ్ల పొట్టు రాలుతోంది, జిగురు పూస్తే ఆగుతుందా అని అడిగారు. ఆగదండీ. అది తోలు కాదు, పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత. చెమటకీ తేమకీ విడిపోతుంది. కొత్తవి వేయాల్సిందే.

ముందు ప్యాడ్ అంచు ఎత్తి చూడండి. గాడిలో దూర్చినదైతే లాగితే వచ్చేస్తుంది. కొక్కేల రింగయితే పాత ప్లాస్టిక్ కార్డు దూర్చి ఒక్కొక్కటీ విప్పండి. స్క్రూడ్రైవర్‌తో గాట్లు పడతాయి. అంటించినదైతే మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన దూదితో తుడవండి, లోపలి డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) మీద చుక్క పడకూడదు. అసిటోన్ అసలొద్దు, హెడ్‌ఫోన్ డొప్పకి వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్ కరిగిపోతుంది.

కొలత మాత్రం ప్యాడ్‌ది కాదు, అది బిగిసే ప్లేటుది, మిల్లీమీటర్లలో తీసుకోండి. పాత ప్యాడ్ సాగిపోయి ఉంటుంది. మందం మారితే ధ్వని కూడా మారుతుంది. వెలోర్ (మఖమల్ లాంటి బట్ట) రకానికి పొట్టు రాలదు గానీ, గాలి లీకై బాస్ తగ్గుతుంది.