జెయింట్స్ సీట్ల కోసం 401కే మీద లోన్ తీయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. పదేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాది హెచ్‌1బీ వీసా, మా ఆవిడ ఉద్యోగం చేయడం లేదు, పాపకు ఏడేళ్లు. నెలకు 7,900 డాలర్లు చేతికొస్తాయి. వచ్చిన కొత్తలో రూమ్మేట్లతో కలిసి చూస్తూ బేస్‌బాల్ అలవాటైంది, న్యూయార్క్ యాంకీస్ జట్టంటే ప్రాణం. చలికాలం వస్తే అమెరికన్ ఫుట్‌బాల్, అందులో న్యూయార్క్ జెయింట్స్ జట్టు. ఆఫీసులో ఒకాయన స్టేడియంలో తన రెండు జెయింట్స్ సీట్ల పీఎస్ఎల్‌ని (పర్సనల్ సీట్ లైసెన్స్) సీటుకు 4,000 చొప్పున ఇస్తానంటున్నారు. రేపు అమ్మినా డబ్బులొస్తాయి, ఇది ఇన్వెస్ట్‌మెంటే అంటున్నారు. 401కే (ఉద్యోగంలో ఉండగా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి లోన్ తీసుకుందామనుకుంటున్నాను. అందులో జీతంలోంచి 3 శాతం వేస్తున్నాను, కంపెనీ 5 శాతం దాకా కలుపుతుంది. కార్డు బాకీ 4,200, వడ్డీ 24 శాతం. సేవింగ్స్ 6,000. అప్పుడప్పుడూ యాప్‌లో చిన్న బెట్లు పెడతాను. కొనమంటారా?

జవాబు: వద్దండి. ఆటంటే మీకెంత ఇష్టమో తెలిసే చెబుతున్నాను. నేనూ యాంకీస్ అభిమానినే.

పీఎస్ఎల్ కొంటే సీటు మీదైపోదు. ఆ సీటుకి ఏటా టికెట్లు కొనుక్కునే హక్కు మాత్రమే వస్తుంది. 2010లో మెట్‌లైఫ్ స్టేడియం తెరిచినప్పుడు జెయింట్స్ ఈ హక్కుల్ని సీటును బట్టి 1,000 నుంచి 20,000 డాలర్లకు అమ్మింది. హక్కు నిలబడాలంటే ప్రతి సంవత్సరం సీజన్ టికెట్లన్నీ కొనాల్సిందే, ఎవరూ పెద్దగా చూడని ప్రీసీజన్ మ్యాచ్‌లతో సహా. టికెట్ సగటున 150 అనుకున్నా పది మ్యాచ్‌లకు రెండు సీట్లకి 3,000 అవుతుంది. పార్కింగ్, తిండి వేరే. ఒక ఏడాది కట్టలేకపోతే మీరు పెట్టిన 8,000 పోయినట్టే. ఇక అమ్మడమంటారా, 2024లో జెయింట్స్ 3 గెలిచి 14 ఓడింది. అలాంటి సీజన్ తర్వాత కొనేవాళ్లు మీరడిగిన ధర ఇవ్వరు.

లోన్ సంగతి ఇంకా టెన్షన్ పెడుతోంది. ఉద్యోగం పోతే హెచ్‌1బీ మీద ఉన్న మీకు 60 రోజుల దాకానే గడువుంటుంది. ఆలోపు వీసాకి కొత్త స్పాన్సర్, అంటే ఇంకో కంపెనీ దొరకాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఆ సమయంలోనే 401కే లోన్ కూడా మెడకు చుట్టుకుంటుంది. ఆ ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోగా తీర్చకపోతే మిగిలిన మొత్తాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు, పైన 10 శాతం పెనాల్టీ. గుంటూరు వెళ్లి కూర్చుని ఇక్కడి సీట్లకి బేరం చూడటం మీవల్ల అయ్యే పనేనా?

ఇప్పుడు మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన బెట్ల విషయం. నాకు అసలు దిగులు అక్కడే. మీ ఉత్తరం చూశాక యాప్ స్టేట్‌మెంట్, కార్డు స్టేట్‌మెంట్ అడిగితే దాచకుండా పంపారు. చాలామంది ఆ పని చేయరు. యాప్‌లో ఐదు నెలల్లో 1,870 వేశారు, 640 వెనక్కి తీశారు. 1,230 డాలర్లు పోయాయి. అందులో 2024 అక్టోబర్ 30 నాటి ఎంట్రీ ఒకటుంది. బేస్‌బాల్ ఫైనల్స్ అయిన వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్, డాడ్జర్స్ మీద యాంకీస్ 5-0తో ముందుంది, మన పిచర్ (బంతి విసిరేవాడు) గెరిట్ కోల్ అప్పటికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. గెలుపు ఖాయమని మీరు 200 పెట్టారు, గెలిస్తే వచ్చేది ఇరవై చిల్లర. ఐదో ఇన్నింగ్స్‌లో మన జడ్జ్ చేతిలోంచి తేలికైన క్యాచ్ జారింది, మన వోల్పీ త్రో గురి తప్పింది, డాడ్జర్స్ బ్యాటర్ మూకీ బెట్స్ నేల మీదుగా కొట్టిన బంతికి అతన్ని అవుట్ చేయడానికి కోల్ ఫస్ట్ బేస్ దగ్గరికి వెళ్లలేదు. డాడ్జర్స్‌కి ఐదు పరుగులూ వచ్చేశాయి. చివరికి డాడ్జర్స్ 7-6తో గెలిచి టైటిల్ ఎత్తుకుపోయింది. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. మీకు దానికి తోడు 200 కూడా పోయాయి.

యాప్ లెక్క చూడండి. మామూలు బెట్‌లో 100 గెలవాలంటే 110 పెట్టాలి. ఇరవై బెట్లలో సరిగ్గా పది గెలిస్తే వెయ్యి వస్తుంది, పదకొండు వందలు పోతుంది. అంటే నూటికి 52 కంటే ఎక్కువ గెలిస్తేనే అసలు మిగులుతుంది. మీ యాప్ స్టేట్‌మెంట్ నిండా కనిపిస్తున్న పార్లేలు, అంటే కొన్ని బెట్లు కలిపి అన్నీ గెలిస్తేనే డబ్బొచ్చేవి, మరీ ఘోరం. సమాన అవకాశాలున్న నాలుగు బెట్లు కలిపితే పదహారింట ఒక్కసారి తగులుతుంది. 10 చొప్పున పదహారుసార్లు పెడితే 160 ఖర్చు, ఆ ఒక్కసారి వచ్చేది 133. ఆట మీకెంత బాగా తెలిసినా ఈ తేడా పూడదు.

ఆ యాప్ తీసేయండి. తీశాక చేయి మళ్లీ ఫోన్ మీదికే పోతుంటే న్యూజెర్సీలో మీ అంతట మీరే ఏడాదికో ఐదేళ్లకో నిషేధం పెట్టించుకునే వీలుంది, 1-800-గ్యాంబ్లర్‌కి ఫోన్ చేసినా సాయం చేస్తారు. ఈ 1,230 సంగతి మీ ఆవిడకు తెలుసని ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు ఆమెతో కూర్చుని స్టేట్‌మెంట్ చూపించండి.

సేవింగ్స్ తీసి కార్డు కట్టేయమని చాలామంది చెబుతారు. ఒక్క జీతం మీద, వీసా మీద నడిచే ఇంటికి నేనలా చెప్పను. ఆ 6,000 ముట్టుకోకండి. బెట్లకు పోతున్న నెలకు సుమారు 245కి ఇంకో 250 కలిపి కార్డుకి కట్టండి, పది నెలల్లో తీరుతుంది. 401కేలో 5 శాతానికి ఈ నెలే మార్చండి, కంపెనీ ఇచ్చే డబ్బు వదులుకుంటున్నారు.

ఆటకి నెలకు 150 వేరే ఖాతాలో వేసుకోండి, దానికో డెబిట్ కార్డు. అది అయిపోతే ఆ నెలకి అంతే. మీ కార్డు స్టేట్‌మెంట్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు టీవీలో చూసే సండే టికెట్ ప్యాకేజీ కూడా కనిపించింది. అది వేరే ఊళ్ల మ్యాచ్‌ల కోసం. జెయింట్స్ మ్యాచ్‌లు మీకు లోకల్ ఛానళ్లలోనే వస్తాయి, ఒక యాంటెన్నా కొనుక్కుంటే చాలు. యాంకీస్‌కి ఏడాదిలో 81 హోం మ్యాచ్‌లుంటాయి, వారం మధ్యలో రీసేల్ టికెట్లు చవగ్గా దొరుకుతాయి. పాపతో వెళ్లడానికైతే బ్రిడ్జ్‌వాటర్‌లో సోమర్సెట్ పేట్రియాట్స్ ఉంది, 2021 నుంచి యాంకీస్‌కి డబుల్-ఏ, అంటే కింది స్థాయి లీగ్ జట్టు. మీ ఇంటికి దగ్గర, ఆటగాళ్లు చేతికందేంత దూరంలో వార్మప్ చేస్తుంటారు.

ఆఫీసులో ఆయనకి కుదరదని మర్యాదగా చెప్పేయండి. ఆ సీట్లు అమ్ముడుపోకపోతే ఈ సీజన్ డబ్బు ఆయనే కట్టుకోవాలి. అప్పుడు ఒక మ్యాచ్‌కి రెండు టికెట్లు, రాసి ఉన్న ధరకే ఇస్తారేమో అడగండి.