ష్వెరిన్‌లో రెండు రోజులు: ఏ పూట ఏది?

ప్రశ్న: మేం హాంబర్గ్‌లో ఉంటాం. కాకినాడ నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. మే నెలాఖరులో ఒక శని, ఆదివారాలు ష్వెరిన్ చూపిద్దామని ఉంది. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చని ఇక్కడివాళ్లు అంటున్నారు. రాత్రి ఉండాల్సినంత ఊరేనా?
– ఒక పాఠకురాలు, హాంబర్గ్

జవాబు: ఉండండి. ఊరు చిన్నదే, జనాభా లక్షకు అటూ ఇటూ. జర్మనీ రాష్ట్ర రాజధానుల్లో ఇంతకంటే చిన్నది లేదు. స్టేషన్ నుంచి, సరస్సులో దీవి మీదున్న ప్యాలెస్ కిలోమీటరున్నర దూరం. కాగితం మీద చూస్తే ఒక్క రోజు చాలనే అనిపిస్తుంది. కానీ ప్యాలెస్ ముఖం ఊరివైపు, అంటే పడమటి దిక్కుగా ఉంటుంది. పొద్దున వంతెన మీద నిలబడితే ఎండ దాని వెనక నుంచి కళ్లలో పడుతుంది, ఫొటోల్లో భవనం నల్లగా వస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక గోడలు, బంగారు గుమ్మటం వెలుగులోకి వస్తాయి. మే నెలాఖరులో పొద్దుగుంకేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఒక్క రోజుకే వచ్చినవాళ్లు ఆ వేళకి తిరుగు బండిలో ఉంటారు.

అందుకని శనివారం పొద్దున తలుపులు తీయగానే ప్యాలెస్ లోపలి గదులు, అంటే అక్కడి మ్యూజియం, చూసేయండి. పదింటికి తీస్తారు. సోమవారం సెలవు కాబట్టి ఆది, సోమవారాలకు మార్చుకుంటే మ్యూజియం ఆదివారమే చూసేయాలి. లోపల రెండు గంటలు చాలు. సింహాసనం ఉన్న గది దగ్గర మాత్రం తొందరపడొద్దు. 1913 డిసెంబరులో మంటలు లేచి భవనంలో మూడో వంతు కాలిపోయింది, ఈ గది మిగిలింది. ఇప్పుడున్న రూపం 1845–57 మధ్య గ్రాండ్ డ్యూక్ ఫ్రీడ్రిష్ ఫ్రాంజ్ II కాలంలో వచ్చింది. ఒక భాగంలో రాష్ట్ర శాసనసభ నడుస్తుంది కాబట్టి అన్ని తలుపులూ మనకు తెరుచుకోవు. తాళాల గుత్తి పట్టుకుని తిరిగే పీటర్‌మెన్‌షెన్ అనే మరుగుజ్జు దయ్యం ఈ ప్యాలెస్‌కు కాపలా అని స్థానికుల కథ. అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి, లోపలి ఆవరణలో ఆయన బొమ్మను వెతుక్కోవచ్చు.

భోజనం అయ్యాక గదికి వెళ్లి మామయ్యగారిని రెండు గంటలు నడుం వాల్చనివ్వండి. రాత్రి ఉండడం వల్ల అసలు లాభం ఇదే. నాలుగింటికి మళ్లీ బయల్దేరి, ప్యాలెస్‌ను చుట్టుకుని దీవి మీదే ఉన్న బుర్గ్‌గార్టెన్, వంతెన దాటితే వచ్చే ష్లాస్‌గార్టెన్ అనే రెండు తోటలూ చూడండి. రెండింటికీ టికెట్ లేదు. రెండోదాంట్లో కాలువల వెంట దారి చదునుగా ఉంటుంది. పాత ఊరి వీధుల్లో మాత్రం రాళ్లు పరిచి ఉంటాయి, మోకాళ్లకూ సూట్‌కేసు చక్రాలకూ అవి పడవు. గది ఫాఫెన్‌టైష్ చెరువుకు దగ్గర్లో తీసుకోండి, అది స్టేషన్‌కు ఎదురుగానే ఉంటుంది. కెథడ్రల్ గోపురం ఎక్కాలంటే 220 మెట్లు. మీ దంపతులు ఎక్కిరండి, పెద్దవాళ్లను కింద చర్చిలో కూర్చోబెట్టండి.

ఆదివారం సరస్సుకు. ప్యాలెస్ దగ్గరి రేవు నుంచి వైసె ఫ్లోటె అనే సంస్థ పడవలు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తిరుగుతాయి. పైడెక్కు మీద గాలి చలి పుట్టిస్తుంది, ఎండ కాస్తోందని స్వెటర్లు గదిలో వదిలి రావద్దు.

ఇంకొక్కటి. 1741లో బెంగాల్ నుంచి ఓడలో యూరప్ చేరి ఊరూరా ప్రదర్శనలు తిరిగిన క్లారా అనే మన ఖడ్గమృగాన్ని, 1749లో ఊద్రీ అనే ఫ్రెంచి చిత్రకారుడు నిలువెత్తున గీశాడు. మూడు మీటర్ల ఎత్తు, నాలుగున్నర మీటర్ల వెడల్పున్న ఆ చిత్రం ష్వెరిన్ స్టేట్ మ్యూజియానిది. మ్యూజియం ప్యాలెస్‌కు ఎదురుగానే ఉంది. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగాయి కాబట్టి చిత్రం గోడ మీద ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లండి. ష్వెరిన్‌కు యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా 2024 జులైలో న్యూఢిల్లీలో జరిగిన సమావేశంలోనే.

ప్రశ్న: నాకు డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటా ప్రాంతీయ బండ్లలో చెల్లే నెలవారీ పాస్) ఉంది. బెర్లిన్ నుంచి ష్వెరిన్‌కు అది సరిపోతుందా? చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలకు ఏం కొనాలి?
– ఒక పాఠకుడు, బెర్లిన్

జవాబు: మీకు సరిపోతుంది, ప్రాంతీయ బండి ఎక్కితేనే. విస్మార్ వెళ్లే ఆర్‌ఈ8 రెండున్నర గంటల్లో దింపుతుంది. ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు బండ్లలో ఈ టికెట్ చెల్లదు, పట్టుబడితే కనీసం 60 యూరోల జరిమానా. యాప్‌లో వెతికేటప్పుడు ప్రాంతీయ బండ్లు మాత్రమే చూపమని పెట్టుకోండి. లేకపోతే సగం దూరం ఐసీఈ, సగం ఆర్‌ఈ కలిపి చూపిస్తుంది, పొరపాట్లు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

అమ్మానాన్నలకు ఇదే టికెట్ కొంటే 2026 జనవరి నుంచి తలకు నెలకు 63 యూరోలు. పైగా అది చందా: ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెలకూ డబ్బు పోతుంది. నెలంతా ఊళ్లు తిప్పే పని ఉంటే లాభమే. ఒక్క శని, ఆదివారాలకైతే ఇద్దరికీ కలిపి రోజుకొక్కటి చొప్పున క్వేర్ డుర్క్స్ లాండ్ టికెట్ చూడండి. దేశమంతటా ప్రాంతీయ బండ్లలో చెల్లుతుంది, ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద వెళ్లొచ్చు. టికెట్ మీద పేరు ఉండాలి, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. పట్టాల పనుల వల్ల వారాంతాల్లో బండి బదులు బస్సు నడపడం మామూలే. అలాంటి రోజు వయసైనవాళ్లతో వెళ్లకపోవడమే మేలు, కాబట్టి గది బుక్ చేసేముందు ఆ తేదీల టైంటేబుల్ చూడండి.

ఆ బండి లుడ్విగ్స్‌లుస్ట్‌లో ఆగుతుంది. వచ్చేటప్పుడు దిగితే ఇరవై నిమిషాల నడకలో 1772–76లో కట్టిన ఇంకో ప్యాలెస్ ఉంది. లోపలి నగిషీలు చాలామటుకు కాగితపు గుజ్జుతో పోతపోసి బంగారు పూత వేసినవే. వేలితో తడితే తెలుస్తుంది గానీ తట్టనివ్వరు! మరమ్మతుల వల్ల కొన్ని గదులు మూసి ఉండొచ్చు.

ప్రశ్న: శాకాహారులకు అక్కడ తిండి దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, హానోవర్

జవాబు: దొరుకుతుంది, అడిగి తినాలి. వేయించిన బంగాళాదుంపలు చూడ్డానికి మన వేపుడులాగే ఉంటాయి, వాటిలో పంది మాంసం ముక్కలు వేయడం అక్కడ పరిపాటి. ‘ఓనె ష్పెక్’ అంటే అవి లేకుండా అని. బఠాణీ సూపులోనూ తరచుగా సాసేజ్ ఉంటుంది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే బియ్యం, పెరుగు, కూరగాయలు శనివారం సాయంత్రమే కొనుక్కోండి. ఆదివారం సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయని నమ్ముకోవద్దు.